నూట తొంభై నాలుగు మనియార్డర్లు

బెల్లంపల్లి
8-6-1967

నర్మద వదినకు సరోజన నమస్కారాలు.

ఈ నెల ముప్పై రూపాయలు నిన్న అందాయి. నేను క్షేమం. ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. బొగ్గు ధూళి, చెమట కలిసి మధ్యాహ్నానికే అందరి ముఖాలూ ఒక్క రంగుకు వస్తున్నాయి. అన్నకు కడుపునొప్పి తగ్గిందా?

వదినా, ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను. ఇది నాలుగోసారి. నేనుండే గది యజమానురాలు శంకరవ్వ మొన్న వచ్చి గడప మీద కూర్చుంది. "సరోజనా, గనిల పనిజేసేటోళ్లు ఇరవై ఇస్తమని నా ఎంబడి పడుతున్నరు. నువ్వు పద్నాలుగు మీద నుంచి లేస్తలేవు. నా కోడలు రోజు లొల్లి పెడుతుంది. దసర దాక చూస్త, గంతే" అంది. మంచి మనిషే. చెప్పి వెళ్తూ నా చేటలోని చింతపండు గింజలు తీసి పెట్టి మరీ పోయింది.

నెలకు నలభై అయిదు పంపగలరా? పదహారేళ్లలో నేను నోరు తెరిచి అడగడం ఇదే మొదలు. వీలు కాకపోతే ఆ మాటే రాయి, దాచకు. దసరాకు ఇంకా నాలుగు నెలలుంది.

నీ ఆడబిడ్డ
సరోజన


కరీంనగర్
17-6-1967

చిరంజీవి సరోజనకు వదిన నర్మద దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. మీ అన్న భోజనం చేస్తుండగా చదివి వినిపించాను. చేతిలో ముద్ద అట్లాగే ఆగింది. "దానికి ఒక్క నెలన్న తప్పిన్నా? ఒక్క పైసన్న తక్కువ జేసిన్నా?" అని నన్నే అడిగాడు. నా దగ్గర జవాబు ఉంది. పుస్తకం తెచ్చి చూపించాను. 1951 మే నెల నుంచి ఈ నెల వరకు నూట తొంభై నాలుగు మనియార్డర్లు. ఏ నెలా పదో తారీఖు దాటలేదు.

నీకు ఇది గుర్తు చేయవలసి వస్తుందని నేను అనుకోలేదు. మీ ఆయన, గని దవాఖాన కాంపౌండరు, చనిపోయిన ఏడాదికి నువ్వు బెల్లంపల్లి వదిలి రానన్నావు. మీ బాపు నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన మెట్‌పల్లి మూడెకరాలను మీ అన్న చూసుకునేటట్టు, నీకు జీవితాంతం నెలకు అప్పుడు మన దగ్గర నడిచిన ముప్పై అయిదు సిక్కా రూపాయలు పంపేటట్టు పెద్దమనుషుల ముందు కాగితం రాసుకున్నాం. మనియార్డరు కేంద్ర సర్కారు రూపాయలు, కల్దార్లలోనే పోతుంది గనుక, ఏడు సిక్కాలకు ఆరు కల్దార్ల చొప్పున లెక్క కట్టి ముప్పై పంపుతూ వచ్చాను. సిక్కాలు పోయాయి, అణాలు పోయి నయా పైసలు వచ్చాయి. నీ మొత్తంలో చిల్లిగవ్వ తేడా రానీయలేదు.

ఒక్క మనిషికి ముప్పై సరిపోతుందని ఆనాడు లెక్క వేసింది నేనే. ఇంటి కిరాయి నుంచి ఉప్పు దాకా వేశాను. నువ్వు దేని మీద ఖర్చు చేస్తున్నావో నాకు తెలియడం లేదు. ఒక నెల లెక్క రాసి పంపు, చూస్తాను.

మీ అన్న మాట ఒకటే. "అక్కడ కిరాయికుండుడు ఎందుకు, ఇంటికి రమ్మను. నడిమి అర్ర ఖాళీగనే ఉన్నది." నాలుగేళ్లుగా నువ్వు మా ఇంటి గడప తొక్కలేదు. మా మీద ఏదో మనసులో పెట్టుకున్నావని అనుకుంటున్నాము.

నర్మద


బెల్లంపల్లి
26-6-1967

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివాను. నువ్వు నన్ను లెక్క అడుగుతావని నేను ఎన్నడూ అనుకోలేదు. తప్పు నీది కాదు, అడిగే హక్కు నీకుంది. కానీ ఆ లెక్క నేను పంపను. పంపితే నువ్వు దానిలో ఎక్కడ తగ్గించాలో ఎర్ర సిరాతో గీత పెట్టి పంపుతావు. నీ సంగతి నాకు తెలియదా?

దానికి బదులు ఒకటి అడుగుతాను. నాకు డబ్బు వద్దు. కాగితం రాసిన నాడు ఒక్క మనిషికి నెలకు ఏమేం కావాలో నువ్వు రాసిన చీటి నీ పాత పుస్తకంలో ఉండే ఉంటుంది. నువ్వు ఏదీ పారేయవు. ఆ చీటిలో ఉన్నవి ఉన్నట్టు కొని, కిరాయి డబ్బు మాత్రం చేతికిచ్చి, ఒక నెలకు పంపు. అందులో లేనిది ఒక్క మిరపకాయ కూడా అడగను. అది నాకు సరిపోకపోతే నేను నడిమి అర్రకు వచ్చేస్తాను.

మీ మీద నాకేం కోపం లేదు.

సరోజన


కరీంనగర్
9-7-1967

చిరంజీవి సరోజనకు,

చీటి దొరికింది. 1951 పుస్తకం చివరి అట్టకు అంటించి ఉంది. నా చేతిరాతే. కిరాయి అయిదు రూపాయలు, బియ్యం పన్నెండు సేర్లు అయిదుంబావు, జొన్నలు ఆరు సేర్లు రూపాయిన్నర, పప్పు మూడు సేర్లు రూపాయిన్నర, నూనె రెండు సేర్లు మూడు రూపాయలు. తరువాత రోజుకు పావుసేరు పాలు, దీపానికి గాసునూనె, కట్టెలు, మిర్చి, ఏడాదికి రెండు చీరలకు నెలనెలా తీసిపెట్టేది, ఏడాదికి రెండుసార్లు మా ఇంటికి వచ్చిపోయే ప్రయాణం, ఆపదకు దాచుకునే దాపుడు కింద ఒక రూపాయి. అంతా కూడితే సరిగ్గా ముప్పై. ఆనాడు మీ బాపు దాన్ని చూసి, కోడలు పైస పోకుండ లెక్కేసిందని నలుగురిలో అన్నాడు. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు.

ఆ చీటి, ముప్పై రూపాయలు పట్టుకుని రహీమ్ సాబు దుకాణానికి పోయాను. నీ కిరాయి పద్నాలుగు పక్కన పెట్టి, పదహారు ఆయన ముందు పెట్టి, ఇందులో రాసినవి వరుసగా తూచమన్నాను. సేరుకు బదులు కిలో. ఆ కాస్త తేడా వదిలేశాను. పన్నెండు కిలోల బియ్యానికి పదమూడు రూపాయల ఎనభై పైసలయింది. జొన్నలు తూచడం మొదలుపెట్టాడు. మూడు కిలోలు కాకముందే చేయి ఆపి, "పైసలు అయిపోయినయ్ నర్మదమ్మా" అన్నాడు.

నేను చీటి చూపించి, ఇంకా పప్పు, నూనె, మిర్చి, అన్నీ ఉన్నాయి కదా అన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. "గిది సిక్కా నడిచిన కాలంది గదా. గిప్పుడు గీ సామాను ముప్పైకి ఇస్తే, తెల్లారి నేనే గిన్నె పట్టుకొని మీ వాకిట్ల నిలబడాలె" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చీటిలోని ప్రతిదానికీ ఈనాటి ధర చెప్పించుకుని అక్కడే కూర్చుని రాసుకున్నాను. నీ కిరాయి ఇప్పటి పద్నాలుగే వేసుకున్నా మొత్తం డెబ్బై తొమ్మిది రూపాయలు.

తప్పు కూడానేమోనని కింది నుంచి పైకి మళ్లీ కూడాను. డెబ్బై తొమ్మిదే.

సరోజనా, ఈ ధరల్లో ఏదీ నాకు కొత్త కాదు. ప్రతిదీ పెరిగిన నాడే పుస్తకంలో రాసుకున్నాను, రహీమ్ సాబుతో తగువు కూడా పెట్టుకున్నాను. నీ ముప్పై పక్కన వాటిని ఏనాడూ పెట్టి చూడలేదు. మీ అన్న జీతం కాగితంలో కరువు భత్యం అని ఒక గడి ఉంటుంది. ధరలు పెరిగితే సర్కారు అందులో నాలుగు రూపాయలు కలుపుతుంది. అందుకని మా ఇల్లు ఎట్లాగో నడిచింది. నీ కాగితంలో ఆ గడి లేదు. నీ ముప్పై మేము నీకు ఇచ్చిన మాట. మాట మారకపోవడమే గొప్ప అనుకున్నాను.

సామాను పంపలేదు. డెబ్బై తొమ్మిది ఎక్కడి నుంచి తేవాలో నాకు ఇంకా తెలియదు. ముప్పై మాత్రమే మళ్లీ పంపాను. ఆ చీటిలో నువ్వు ఏవేవి మానేశావు, ఎప్పటి నుంచి మానేశావు, దాచకుండా రాయి. గీతలు పెట్టను.

నర్మద


బెల్లంపల్లి
20-7-1967

వదినకు నమస్కారాలు.

అడిగావు కనుక రాస్తున్నాను. అన్నకు చదివి వినిపించకు.

మొదట పాలు పోయాయి. నయా పైసలు వచ్చిన ఏడు అది. అణాలను పైసలుగా మార్చడంలోనే దుకాణదారులు ఏదో నొక్కుతున్నారని అనుకున్నాను. పైసలు అలవాటయితే సర్దుకుంటుందని రెండేళ్లు ఎదురు చూశాను. సర్దుకోలేదు. తరువాత రెండో చీర. తరువాత దాపుడు రూపాయి. ఆ పైన మీ ఇంటికి ప్రయాణం. ఒక ఏడు కాలు బెణికిందని రాశాను, ఒక ఏడు గోదావరి పొంగి బండ్లు నడవడం లేదని రాశాను. నిరుడు ఏం సాకు రాశానో నాకే గుర్తు లేదు. రైలుకు, బస్సుకు పోనురాను అయ్యే డబ్బుతో నాకు పదిరోజులు గడుస్తుంది వదినా. కోపం ఏమీ లేదని అందుకే అన్నాను.

పప్పు వారానికి రెండు రోజులు. నిరుటి నుంచి రాత్రికి జొన్న గట్క ఒక్కటే. అది అలవాటయింది, దానికి బాధ లేదు.

ఇక నేను చెప్పనిది ఒకటుంది. ఆరేళ్లుగా పొద్దున పూట పోస్టాఫీసు గేటు పక్కన కూర్చుంటున్నాను. గనుల్లో పనిచేసేవాళ్లకు మనియార్డరు ఫారాలు నింపుతాను, ఇంటికి ఉత్తరాలు రాసిస్తాను. ఫారానికి అయిదు పైసలు, ఉత్తరానికి పది. నెలకు పదిహేను రూపాయల దాకా వస్తుంది. అది లేకపోతే మూడేళ్ల కిందటే మీ గడప ముందు నిలబడేదాన్ని. మా ఇంటి ఆడపిల్ల పోస్టాఫీసు ముందు చాప వేసుకుని కూర్చుందా అని అన్న తలెత్తుకోలేడని దాచాను.

అక్కడ కూర్చున్నాకే, పంపే డబ్బు చాలనిది నాకొక్కదానికే కాదని అర్థమైంది. మొగిలి అనే ఆయన మొదట్లో తన అవ్వకు పది రూపాయలు పంపేవాడు. ఇప్పుడు ఇరవై అయిదు పంపుతున్నాడు. అవ్వ దగ్గర నుంచి వచ్చే జవాబు చదివి వినిపించేది కూడా నేనే. ఆరేళ్లుగా ఒకటే మాట, సరిపోతలేదు బిడ్డా అని. అతను మొన్న నా మీద గయ్యిమన్నాడు. "నువ్వు కాయిదంల ఉన్నది సదువుతున్నవా, నీ మనసుల ఉన్నది సదువుతున్నవా?" అని.

నన్ను నడిమి అర్రకు రమ్మనకు. ఇక్కడ పొద్దున లేస్తే నా కోసం పదిమంది ఎదురు చూస్తారు. అక్కడ నేను మీకు ఒక కంచం ఎక్కువ.

సరోజన


కరీంనగర్
12-8-1967

సరోజనకు,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు కావస్తోంది. జవాబు రాయకపోవడానికి కారణం ఉంది. నేను పుస్తకాలు తీశాను. పదహారూ తీశాను.

నీ డెబ్బై తొమ్మిది ఎక్కడి నుంచి తేవాలా అని వెతుకుతూ పోతే మెట్‌పల్లి పద్దు కనిపించింది. ఏటా రాసేది నేనే. ఎడమ వైపు, ఆ భూమిని సగం పంటకు పాలుకు దున్నే ఇస్తారి మనకు పంపిన వడ్లు, పసుపు అమ్మితే వచ్చింది. కుడి వైపు నీకు పంపింది. 1951లో ఎడమన నాలుగు వందల ఎనభై, కుడిన మూడు వందల అరవై. ఈ ఏడు ఎడమన పదిహేను వందల అరవై. కుడిన మూడు వందల అరవై.

ఒకే పుట, ఒకే సిరా, నా చేయే. పదహారేళ్లు ఎడమ అంకె పెరుగుతూ పోతుంటే సంతోషపడ్డాను. కుడి అంకె కదలకుండా ఉంటే అదీ సంతోషమే. బియ్యం ధర పెరిగి నీ పావుసేరు పాలు ఆగిపోయిన ఏడే, వడ్ల ధర పెరిగి మేము వెనక వరండా కట్టుకున్నాం. నీ నోట్లో నుంచి పోయింది మా ఇంటికి వచ్చిందని ఆ పుట చెబుతోంది. దీపం పెట్టే వేళ దాటినా ఆ పుట ముందే కూర్చున్నాను. పక్కింటి సలీమా వచ్చి ఒంట్లో బాగా లేదా అని అడిగింది.

మీ అన్నకు చూపించాను. ముందు ఆయనకు అర్థం కాలేదు, అర్థమైన తరువాత కోపం వచ్చింది. "బాయి తవ్వించింది ఎవలు? నేనే గదా. ఇస్తారి ఎంబడి పడి పసుపు పెట్టించింది ఎవలు?" అన్నాడు. నిజమే. బావికి అయిన ఏడు వందలు కూడా రాసి ఉంది. అది 1959 నాటికే తీరిపోయిందని చూపించాను. "కాయిదం కాయిదమే. ముప్పై అని రాసుకున్నం, ముప్పై ఇస్తున్నం. దొంగతనం జేసినట్టు మాట్లాడుతున్నవేంది? నువ్వు నా దిక్కా, దాని దిక్కా?" అన్నాడు. నేను ఎవరి దిక్కూ కాదు, ఇది కూడిక అన్నాను. ఆ రోజు నుంచి ఆయన నాతో అవసరమైన మాటలు తప్ప మాట్లాడడం లేదు.

ఆ రెండు వరుసలూ పదహారేళ్లవీ నకలు రాసి దీనితో పంపుతున్నాను. ఇది పట్టుకుని నువ్వు పెద్దమనుషుల దగ్గరికి పోవచ్చు. పోతే మీ అన్న తలదించుకోవాల్సి వస్తుంది, నేనూ ఈ ఇంట్లో ఉండేదాన్నే. తెలిసే పంపుతున్నాను.

నర్మద


బెల్లంపల్లి
27-8-1967

వదినా,

నువ్వు పంపిన కాగితం ముందు నాకు అర్థం కాలేదు. ఇంకెవరిదో భూమి అనుకున్నాను. మూడెకరాలకు పదిహేను వందలా? పసుపు కుంకుమ అని బాపు ఇచ్చిన నాడు, నీళ్లు లేని చెల్క తప్ప ఏముందని అత్తగారింట్లో మూతి విరిచారు. రెండు రోజులు పోస్టాఫీసుకు పోలేదు. మూడో రోజు పోయి ఫారం నింపుదామని కూర్చుంటే ఎవరి అంకె చూసినా మీ పుటే కనిపించింది.

పెద్దమనుషుల దగ్గరికి పోను. పోయిన పదహారేళ్లదీ అడగను. అడిగితే అన్న ఇవ్వలేడు, నేను తీసుకుని మళ్లీ ఆ ఇంటికి రాలేను. నువ్వు ఈ కాగితం పంపినందుకు నీకు ఏమవుతుందోనని నాకు భయంగా ఉంది.

కానీ ఇకముందు సంగతి మాట్లాడాలి. శంకరవ్వతో దసరా గడువు పెంచమని అడగబోయాను. ఆమె నా మాట పూర్తి కానీయలేదు. "నీ పైసలు ఎవలకు కావాలె పిల్లా? దుకాణంల బియ్యం దొరుకుతలేవు. మీ అన్నకు వడ్లు పండుతయి గదా, రెండు బస్తాలు తెప్పియ్యి. ఏడాది దాక కిరాయి మాటనే ఎత్తను" అంది. ఆమెకు చదువు రాదు. నాకు వచ్చు, నీకు ఇంకా ఎక్కువ వచ్చు. ఈ ఉపాయం మన ముగ్గురిలో ఆమెకే తోచింది.

అందుకని అన్నతో చెప్పు. నాకు ముప్పై వద్దు, నలభై అయిదూ వద్దు, డెబ్బై తొమ్మిది కూడా వద్దు. ఈ రోజు డెబ్బై తొమ్మిది అని రాసుకుంటే పదేళ్లకు మళ్లీ నేను నీకు ఇదే ఉత్తరం రాస్తాను. ఆ మూడెకరాల మీద మనకు వచ్చే దాంట్లో సగం, పంట రూపంలో ఇవ్వమను. మొదటి ఏడు నాకు నాలుగింట మూడు వంతులు వచ్చింది, ఇప్పుడు నాలుగో వంతు కూడా లేదు. బావి తవ్వించాడు, చూసుకున్నాడు, అందుకని సగం చాలు. ఎండిపోయిన ఏడు నాకూ తక్కువే రానీ. ఒప్పుకోకపోతే దసరా వెళ్లిన తెల్లారి నా పెట్టె పట్టుకుని నడిమి అర్రకు వస్తాను. ఇంకో దారి లేదు.

సరోజన


కరీంనగర్
23-9-1967

సరోజనకు,

నీ ఉత్తరం మీ అన్న ముందు పెట్టాను. చదివి మడిచి నా చేతికిచ్చి, "కాయిదం మార్చేది లేదు" అన్నాడు. రెండోసారి అడగలేదు. అడిగి లాభం లేదని తెలుసు.

తరువాత జరిగింది నేను అనుకుని చేసింది కాదు. పోయిన ఆదివారం బీమా కిస్తు కట్టాలని ఇనుప పెట్టెలో నుంచి పాలసీ కాగితం తీశాను. 1952లో తీసుకున్నది. మీ అన్నకు ఏదైనా అయితే నాకు రెండు వేలు వస్తాయి. దాని వెనకాల పెన్సిలుతో నేను రాసుకున్న లెక్క ఉంది. నెలకు ముప్పై చొప్పున అయిదేళ్లన్నర గడుస్తుంది. నీ చీటిలోని ముప్పైయే తీసుకుని వేసుకున్నాను. ఒక్క మనిషికి ముప్పై అని నాకు నేను కూడా నమ్మాను కదా.

దాని కిందనే డెబ్బై తొమ్మిదితో మళ్లీ వేశాను. ఇరవై అయిదు నెలలు.

మీ అన్న కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాడు. ఆ కాగితం ఆయన ఒళ్లో పెట్టాను. మా మధ్య జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"గిదేంది?"

"మీరు పోయినంక నా బతుకు. రెండేండ్ల మీద ఒక నెల."

"నేను ఇంక బతికే ఉన్న గదనే."

"మీరు ఉన్నన్ని దినాలు కరువు భత్యం వస్తది. మీరు పోయిన తెల్లారి నుంచి నేను సరోజననే. ముప్పై మనిషిని."

"కొడుకు లేడా, చూసుకోడా?"

"సరోజనకు అన్న లేడా?"

పెన్సిలు అడిగి తీసుకుని తానే భాగహారం చేశాడు. మూడుసార్లు చేశాడు. ప్రతిసారీ ఇరవై అయిదే వచ్చింది. ఇరవై ఏళ్లుగా కచేరీలో ఊరి వాళ్ల లెక్కలు చూసే మనిషి, పెన్సిలు పక్కన పెట్టి నా వైపు చూశాడు. "గింత తక్కువనా?" అన్నాడు, చిన్నపిల్లవాడు అడిగినట్టు. కిస్తులన్నీ సరిగ్గానే కట్టామా అని కూడా అడిగాడు. ఒక్కటీ తప్పలేదని చెప్పాను.

ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. పొద్దున కచేరీకి పోయే ముందు కూర్చుని కొత్త కాగితం రాశాడు. ఏటేటా ఆ మూడెకరాల మీద వచ్చే వడ్లలో సగం బస్తాలుగా బెల్లంపల్లి చేర్చాలి, పసుపులో సగం మెట్‌పల్లిలో అమ్మిన నాటి ధరకు నీకు పంపాలి. అలవాటుకొద్దీ ఒకచోట రూపాయలు అని మొదలుపెట్టి కొట్టేశాడు. మళ్లీ శుభ్రంగా రాస్తానంటే అక్కర లేదన్నాను. అదే దీనితో పంపుతున్నాను. చదువుకుని, సరే అనుకుంటే సంతకం పెట్టి పంపు. పోస్టాఫీసు సంగతి కూడా చెప్పాను. "అయిదు పైసలకేం వస్తది, పది అడుగుమను" అన్నాడు.

గాదెలో ఉన్న పాత వడ్లలో రెండు బస్తాలు ఇస్తారి దసరాకు ముందే నీ గది దగ్గర దింపుతాడు. అవి శంకరవ్వకు. కొత్త పంట వచ్చేదాకా ప్రతి నెలా అరవై అయిదు పంపుతాను. ఎడమ వరుసలో సగం నెలకు అంతే వస్తుంది. మొదటిది వచ్చే నెల దాకా ఆగకుండా ఈ రోజే పంపాను. ఫారం మీద అంకె వేస్తుంటే పోస్టాఫీసు బాబు, "ఎప్పటిలెక్క ముప్పై గాదా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

నీ సంగతి ఒక దారికి వచ్చింది. నా పాలసీని ఏం చేయాలో మాత్రం మా ఇద్దరికీ తోచడం లేదు. బీమా వాళ్లను వడ్లు ఇమ్మని అడగలేం కదా. మీ అన్న రోజూ సాయంత్రం ఆ కాగితం తీసి చూసి మళ్లీ పెట్టెలో పెడుతున్నాడు. నీకేమైనా తోస్తే రాయి. శంకరవ్వను కూడా ఒకసారి అడిగి చూడు.

నర్మద